కంట్రీ పబ్బుల్లో భోజనం: ఫ్యామిలీతో వెళ్లొచ్చా? ఏ రోజు వెళ్తే గిట్టుబాటు?

వెర్రిబీ_వాసు

అందరికీ నమస్కారం. వచ్చే నెల మెల్బోర్న్ నుంచి అడిలైడ్‌కి కార్లో వెళ్తున్నాం. నేను, మా ఆవిడ, ఇద్దరు పిల్లలు, ఇంకా ఇండియా నుంచి వచ్చిన అమ్మానాన్న. వెస్టర్న్ హైవే మీదుగా 700 కిలోమీటర్ల పైనే కదా, స్టావెల్ దగ్గర ఒక రాత్రి ఆగి గ్రాంపియన్స్ కొండలు చూసుకుని వెళ్దామని ప్లాన్. ఇంతకుముందు ఎప్పుడు వెళ్లినా హైవే పక్కన సర్వీస్ సెంటర్లో ఆగి ఆ బర్గర్లే తినేవాళ్లం, బిల్లు చూస్తే గుండె గుభేల్‌మనేది, కడుపు మాత్రం నిండేది కాదు. ఆఫీసులో ఒకాయన ఇక్కడే పుట్టి పెరిగినాయన, హైవే దిగి ఊళ్లోకి వెళ్లు, మెయిన్ స్ట్రీట్‌లో పబ్ ఉంటుంది, అక్కడ తిను అన్నాడు. అదే మాట ఇంట్లో అంటే నాన్నగారు "బ్రాందీ షాపులోకి కోడల్నీ మనవల్నీ తీసుకెళ్తావా" అని ఒక్కటే మాట, మళ్లీ ఆ టాపిక్ ఎత్తనివ్వలేదు. అమ్మ ప్యూర్ వెజ్, గుడ్డు కూడా ముట్టదు. నాన్నగారు చికెన్, చేప తింటారు, బీఫ్, పోర్క్ వాసన కూడా పడదు. నిజంగా పిల్లలతో పెద్దవాళ్లతో వెళ్లొచ్చా? ఏం ఆర్డర్ చెయ్యాలి, ఎప్పుడు వెళ్లాలి? అలవాటున్నవాళ్లు చెప్పండి ప్లీజ్.

హైవే_శీను

వాసు గారూ, నిశ్చింతగా వెళ్లండి. నేను విండ్ ఫామ్ పనుల మీద నాలుగేళ్లుగా ఆరారట్, స్టావెల్, హార్షమ్ వైపు తిరుగుతున్నా, వారంలో మూడు రాత్రులు నా భోజనం పబ్బులోనే.

ముందు ఒక మాట, బోర్డు మీద పబ్ అని ఉండదు, హోటల్ అని ఉంటుంది. మనకి హోటలంటే టిఫిన్ తినే చోటు, వీళ్లకి హోటలంటే పబ్. పాత రోజుల్లో మందు లైసెన్స్ కావాలంటే పడుకోవడానికి గదులు కూడా ఉంచాలని రూల్ ఉండేది, అందుకే ఆ పేరు, అందుకే చాలా పాత పబ్బులకి పైన వరండా, వరసగా గదులు. లోపల మూడు భాగాలుంటాయి. పబ్లిక్ బార్, జూదం మెషీన్లుంటే వాటికి వేరే గది, ఇక బిస్ట్రో అనబడే డైనింగ్ రూమ్. మీరు వెళ్లేది ఆ మూడోదానికి. అక్కడ సాయంత్రం ఆరింటికి చూస్తే సగం మంది పిల్లలు, తాతలు, అమ్మమ్మలే. పిల్లల్ని మెషీన్ల గదిలోకి మాత్రం రానివ్వరు.

టేబుల్ దగ్గరికొచ్చి ఆర్డర్ తీసుకుంటారని కూర్చుంటే అలాగే కూర్చుంటారు. మీరే కౌంటర్‌కి వెళ్లి చెప్పి అక్కడే డబ్బు కట్టాలి, నంబరు ఉన్న చిన్న స్టాండ్ ఇస్తారు, అది టేబుల్ మీద పెట్టుకుంటే ప్లేట్లు తెచ్చిస్తారు. నీళ్లు ఫ్రీ, ఒక మూల జగ్గులు గ్లాసులు పెట్టుంటాయి, మనమే తెచ్చుకోవాలి. టిప్ అక్కర్లేదు. పబ్లిక్ హాలిడే రోజు మాత్రం సర్‌చార్జ్ వేసే చోట్లు చాలా ఉంటాయి, బోర్డు చూసుకోండి.

గిట్టుబాటు సంగతికొస్తే, అంతా వారంలో ఏ రోజు అన్నదాంట్లోనే ఉంది. శుక్ర శనివారాలు ఎలాగూ నిండిపోతాయి కాబట్టి ఖాళీగా ఉండే మంగళ, బుధ, గురువారాల్లో పార్మా నైట్, స్టేక్ నైట్ అని పెడతారు. నేను రెగ్యులర్‌గా వెళ్లే చోట మామూలు రోజు 28 డాలర్లుండే పార్మా బుధవారం 18. అదే ప్లేటు, అదే సైజు, తగ్గించేదేం లేదు. మధ్యాహ్నం లంచ్ స్పెషల్స్ కూడా ఉంటాయి, బయట నల్లబోర్డు మీద సుద్దతో రాసుంటుంది, ముందు అది చదవండి.

పార్మా అంటే ఏంటో తెలియని వాళ్ల కోసం: చికెన్ బ్రెస్ట్‌ని దంచి పల్చగా చేసి, బ్రెడ్ పొడి పట్టించి వేయించి, పైన టొమాటో సాస్ రాసి చీజ్ వేసి మళ్లీ వేడికి పెడతారు. వచ్చేటప్పటికి చీజ్ ఇంకా బుడగలొస్తూ ఉంటుంది, అంచుల దగ్గర కాస్త మాడి కరకరలాడుతుంది, నాకు ఆ అంచే ఇష్టం. పక్కన గుప్పెళ్లకొద్దీ చిప్స్ (మన ఫ్రెంచ్ ఫ్రైస్), సలాడ్. చిప్స్ పార్మా కింద పెట్టి తెచ్చారంటే మెత్తబడిపోతాయి, నేనైతే పక్కన పెట్టమని ముందే చెప్తా. కానీ జాగ్రత్త, చీజ్ కింద హ్యామ్ పొర ఉంటుంది! చాలాచోట్ల మెనూలో రాయరు కూడా. మీ నాన్నగారికి "నో హ్యామ్" అని ఆర్డర్‌లోనే చెప్పండి, వేయకుండా చేస్తారు.

ఇంకోటి, కిచెన్ టైమింగ్స్. మధ్యాహ్నం 12 నుంచి 2, సాయంత్రం 6 నుంచి 8, చాలా ఊళ్లలో అంతే. బార్ పదింటిదాకా తెరిచే ఉంటుంది, స్టవ్ మాత్రం ఎనిమిదికి ఆరిపోతుంది. ఒకసారి వర్షంలో ఎనిమిదింపావుకి వెళ్లి చిప్స్ ప్యాకెట్‌తో రాత్రి గడిపా. సోమ మంగళవారాలు కిచెన్ పూర్తిగా మూసే ఊళ్లు కూడా ఉన్నాయి, అందుకే మధ్యాహ్నమే ఫోన్ కొట్టండి.

పద్మ_బల్లారట్

శీను బాగా చెప్పాడు. నేను వెజ్ సంగతి చెప్తా వాసూ, ఎందుకంటే మా అత్తగారు కూడా మీ అమ్మగారిలాగే.

చిప్స్ వేయించే నూనెలోనే చేప, ష్నిట్జెల్ (బ్రెడ్ పొడి పట్టించిన పల్చటి మాంసం ముక్క) కూడా వేయిస్తారు చాలాచోట్ల, కొన్నిచోట్ల నూనె బదులు బీఫ్ కొవ్వు వాడతారు. కాబట్టి మీ అమ్మగారికి పట్టింపు ఉంటే చిప్స్ దగ్గరే అడగాలి. గ్రేవీ అయితే అసలు వద్దు, అది బీఫ్‌దే ఎక్కువ. గుమ్మడికాయ సూప్ ఉంటుంది, అది కూడా చికెన్ స్టాక్‌తో చేశారేమో కనుక్కోవాలి. ఇన్ని అడిగితే చిరాకు పడతారేమో అని మొదట్లో నేను మొహమాటపడేదాన్ని. ముందురోజు ఫోన్ చేసి "మా అత్తగారు మాంసం, చేప, గుడ్డు తినరు, ఏం చెయ్యగలరు" అని అడగడం మొదలుపెట్టాక కథే మారిపోయింది. చిన్న ఊళ్లో కిచెన్‌లో ఇద్దరే ఉంటారు, ఫోన్ ఎత్తేది కూడా ఒక్కోసారి వంటావిడే. ఒకచోట ఆవిడ వేరే ట్రేలో బంగాళదుంప, గుమ్మడి, క్యారెట్ రోస్ట్ చేసి, పైన చీజ్ ముక్కలు చల్లి, బయటికొచ్చి స్వయంగా మా అత్తగారి ముందు పెట్టి "సరిపోయిందా డార్లింగ్" అంది. మా అత్తగారు హ్యాండ్‌బ్యాగ్‌లోంచి కారప్పొడి డబ్బా తీసి చల్లుకుని మొత్తం తిన్నారు. ఆ వంటావిడక్కూడా కాస్త రుచి చూపించారు. మీరూ ఒక పొడి డబ్బా పెట్టుకోండి, ఉప్పు మిరియాలు తప్ప అక్కడ కారం అనేది ఉండదు.

మీ నాన్నగారికి లెమన్ లైమ్ బిట్టర్స్ అని జ్యూస్ అనుకుని ఇప్పించకండి, బిట్టర్స్‌లో కొద్దిగా ఆల్కహాల్ ఉంటుంది. మందు ముట్టని వాళ్లకి చెప్పకుండా ఇవ్వడం నాకు తప్పనిపిస్తుంది.

కోడల్ని తీసుకెళ్తావా అన్నారు చూడండి, ఆ మాట ఇక్కడి వాళ్లూ అన్నవాళ్లే. 1965లో బ్రిస్బేన్‌లో రెగట్టా హోటల్లో మెర్ల్ థార్న్‌టన్, రోజలీ బాగ్నర్ అని ఇద్దరు ఆడవాళ్లు బార్ కింద కాళ్లు పెట్టుకునే కడ్డీకి గొలుసులతో కట్టేసుకుని కూర్చున్నారు, ఎందుకంటే క్వీన్స్‌లాండ్‌లో పబ్లిక్ బార్‌లో ఆడవాళ్లకి మందు అమ్మకూడదని చట్టం ఉండేది. అది మారడానికి 1970 దాకా పట్టింది. కొన్ని పాత పబ్బుల్లో తలుపు అద్దం మీద "లేడీస్ లౌంజ్" అన్న అక్షరాలు ఇంకా ఉన్నాయి. ఆ తలుపుల్లోంచి ఈ రోజు నా కూతుర్ని వెంటబెట్టుకుని వెళ్లి కూర్చుంటే నాకు మనసు నిండుగా ఉంటుంది.

అడిలైడ్_అన్న

బోర్డర్ దాటాక కొన్ని మారతాయి తమ్ముడూ. సౌత్ ఆస్ట్రేలియా టైమ్ విక్టోరియా కన్నా అరగంట వెనక. వచ్చేటప్పుడు మీకు అరగంట కలిసొస్తుంది, విక్టోరియా వైపు నిల్ ఊళ్లో లంచ్ తప్పిపోయినా బోర్డర్ దాటాక బోర్డర్‌టౌన్‌లో దొరకొచ్చు. తిరిగి వెళ్లేటప్పుడు అదే అరగంట పోతుంది, సాయంత్రం కిచెన్ మూసేశారని బాధపడేది అప్పుడే.

ఇక్కడ పార్మాని పార్మీ అంటారు. ష్నిట్జెల్ అని ఊరికే అంటే బీఫా చికెనా అని అడుగుతారు, అడక్కుండా బీఫ్ తెచ్చే చోట్లు కూడా ఉన్నాయి, కాబట్టి చికెన్ అని నోరు తెరిచి చెప్పండి. సలాడ్ బార్ ఉన్న పబ్ దొరికితే మీ అమ్మగారికి పండగే. మెయిన్ డిష్ కొన్నవాళ్లకి అది ఫ్రీగా వస్తుంది చాలాచోట్ల, బీట్‌రూట్, పాస్తా, ఉడికించిన కూరగాయలు, బ్రెడ్, ఎన్నిసార్లైనా వడ్డించుకోవచ్చు, ఒక్క సలాడ్ బార్ మాత్రమే కావాలన్నా తక్కువ రేటుకి ఇస్తారు. బీర్ తాగేవాళ్లకి: ఇక్కడ పైంట్ అంటే 425 మిల్లీలీటర్లే, స్కూనర్ అంటే 285.

చివరిగా, చీకటి పడ్డాక హైవే ఎక్కకండి. సంధ్యవేళ కంగారూలు రోడ్డు మీదికొస్తాయి, డ్రైవ్ చేసేవాళ్లు ఒక్క గ్లాసు కూడా వద్దు. భోజనం చేసిన పబ్బులోనే పైన గది దొరుకుతుందేమో అడగండి. బాత్రూమ్ కారిడార్ చివర అందరికీ కలిపి ఉంటుంది, కానీ మోటల్ కన్నా బాగా తక్కువ.

వెర్రిబీ_వాసు

అందరికీ చాలా చాలా థ్యాంక్స్. నిన్న తిరిగొచ్చాం, అందుకే రాస్తున్నా.

హార్షమ్ దాటాక ఒక చిన్న ఊళ్లో గురువారం సాయంత్రం ఆరుంబావుకి వెళ్లాం, ముందే ఫోన్ చేసి అమ్మ సంగతి చెప్పా. ఆరుగురికి కలిపి 104 డాలర్లయింది, పిల్లల ప్లేట్లతో పాటు ఐస్‌క్రీమ్ కూడా వచ్చింది. అమ్మకి నాపొలి సాస్ (టొమాటో సాస్) పాస్తా, గార్లిక్ బ్రెడ్, పద్మక్కా మీ పొడి డబ్బా సలహా బంగారం. నాన్నగారు హ్యామ్ లేని పార్మా సగమే తినగలిగారు, మిగతాది అడక్కుండానే డబ్బాలో పెట్టిచ్చారు.

మొదటి పావుగంట నాన్నగారు కుర్చీ అంచున కూర్చుని ఎవరైనా తూలుతారేమో అని చూస్తూనే ఉన్నారు. పక్క టేబుల్లో టోపీ పెట్టుకున్న ముసలాయన ఎక్కడ్నుంచి వచ్చారు అని పలకరించాడు. ఆయన రైతు, లెంటిల్స్ వేస్తాడట, ఆ చుట్టుపక్కలంతా అదే పంటట. నాన్నగారూ శనగ వేసిన మనిషే. నేను మధ్యలో తర్జుమా చేస్తూ కూర్చున్నా, వాన ఎప్పుడు పడింది, ఎకరాకి ఎంత దిగుబడి, తెగులు వస్తే ఏం కొడతారు అని. వీళ్ల పప్పు ఇండియాకే ఎక్కువగా పోతుందంటే నాన్నగారు ఆ మాట నాతో రెండుసార్లు చెప్పించుకున్నారు. కిచెన్ మూశారు, పిల్లలు నిద్రకి వచ్చేశారు, ఆయన మాత్రం లేవరు. బయటికొచ్చాక కారెక్కుతూ "రేపు మధ్యాహ్నం కూడా ఇలాంటి హోటల్‌కే పోదాం" అన్నారు.