జేమ్స్ బాండ్ సినిమాల్లో మేలైనది ఏది, నాసిరకం ఏది? విలన్ లెక్క చూసి చెప్పండి

బరంపురం గుమస్తా:

బడాబజారులో ఒక బంగారం కొట్టులో పద్దులు రాస్తాను. డాక్టర్ నో (1962) మొదలు నో టైమ్ టు డై (2021) దాకా ఆ వరసలోని 25 సినిమాలూ చూశాను. కొట్టులో నా పక్కన కూర్చునే ఒడియా మిత్రుడికి కార్లు, కొండల మీంచి దూకడాలు ఉంటే చాలు. నేను మాత్రం విలన్ పథకం చూస్తాను. పెట్టుబడి ఎక్కడిది, లాభం ఎవరికి, లెక్క కుదిరిందా లేదా?

ఆ తూకంలో గోల్డ్‌ఫింగర్ (1964)కు సాటి లేదు. అమెరికా ప్రభుత్వ బంగారం దాచే ఫోర్ట్ నాక్స్‌లోని నిల్వను దోచుకుపోవడం అయ్యే పని కాదని బాండే లెక్కకట్టి చెబుతాడు: 60 మంది మనుషులు, 200 లారీలు, 12 రోజులు. బాండ్‌ను సృష్టించిన రచయిత ఫ్లెమింగ్ నవలలో విలన్ దోపిడీకే సిద్ధపడతాడు. సినిమావాళ్ళు ఆ లొసుగును సరిదిద్దారు. ఇక్కడ అతను ఒక్క కడ్డీ కూడా కదిలించడు. అణుబాంబు పేల్చి, రేడియేషన్‌తో ఆ నిల్వనంతా 58 ఏళ్ళు ఎవరూ ముట్టుకోకుండా చేస్తే, తన దగ్గరున్న బంగారం ధర అమాంతం పెరుగుతుంది. సరుకు అక్కడే ఉంటుంది, కొరత మాత్రం వచ్చిపడుతుంది! (ఆ పేలుడే జరిగి ఉంటే 2022 దాకా ఆగాల్సి వచ్చేది.) కారు పైభాగమంతా 18 క్యారెట్ల బంగారంతో చేయించి సరిహద్దు దాటిస్తాడు చూడండి, అందులోనూ తెలివుంది. 24 క్యారెట్లయితే దారిలోనే సొట్టలు పడేది.

నాసిరకం అంటే డై అనదర్ డే (2002). మాయమయ్యే కారును క్షమించగలను. ఆఫ్రికా యుద్ధ ప్రాంతాల వజ్రాలను ఐస్‌లాండ్ గనివని చెలామణీ చేయడం కూడా బాగానే ఉంది. అంత చక్కగా సాగే వ్యాపారం చేతిలో ఉంచుకుని, ఆకాశంలో అద్దం పెట్టి ఎండతో కొరియా సరిహద్దులోని మందుపాతరలను కాల్చడం ఏమిటి? మీ మాట ఏమిటో చెప్పండి.

పర్లాకిమిడి మాస్టారు:

గుమస్తాగారూ, మీ గోల్డ్‌ఫింగర్‌లోనే ఒక అమ్మాయి ఒంటినిండా బంగారు రంగు పూస్తే, చర్మానికి ఊపిరాడక చనిపోయిందంటారు. మనిషి ఊపిరి తీసుకునేది ముక్కుతో, నోటితో. పిల్లలకు ముప్పై ఏళ్ళు సైన్సు చెప్పినవాణ్ణి, ఆ ముక్క నాకు మింగుడుపడదు.

నా ఓటు ఆన్ హర్ మెజెస్టీస్ సీక్రెట్ సర్వీస్ (1969)కి. జార్జ్ లేజెన్‌బీ బాండ్‌గా వేసింది ఆ ఒక్కటే. నటన అంతంతమాత్రమే, కాదనను. కానీ బాండ్ పెళ్ళి చేసుకున్న రోజే భార్యను పోగొట్టుకుంటాడు. అంత ధైర్యం మళ్ళీ చాలాకాలం ఎవరూ చేయలేదు. పైగా అందులో విలన్ పంటలకూ పశువులకూ సంతానం లేకుండా చేస్తానని ప్రపంచాన్ని బెదిరించి అడిగేది ఏమిటి? పాత నేరాలకు క్షమాభిక్ష, తనకు కౌంటు అనే యూరప్ ప్రభువంశపు బిరుదు ఉందని గుర్తించడం! దాన్ని ఏ పద్దులో రాస్తారు?

రాయగడ అభిమాని:

మాస్టారూ నమస్కారం. ఇద్దరూ పాత సినిమాల్లోనే ఉండిపోయారు. లెక్కే కావాలంటే కాసినో రాయల్ (2006) చూడండి అన్నయ్యా. విలన్ తన ఖాతాదారుల సొమ్ముతో ఒక విమాన కంపెనీ షేర్లు పడిపోతాయని పందెం కాసి, ఆ కంపెనీ విమానాన్నే పేల్చబోతాడు. బాండ్ అడ్డుపడగానే సొమ్మంతా పోతుంది. ప్రాణభయంతో దాన్ని తిరిగి సంపాదించడానికి పేకాటకు కూర్చుంటాడు. బాండ్‌కు దెబ్బ తగిలితే నొప్పి పుడుతుందని నాకు అనిపించింది కూడా ఆ సినిమాలోనే.

అన్నిటికన్నా చెత్త ఆక్టోపసీ (1983). ఉదయ్‌పూర్ దాకా వచ్చి మేకుల మీద పడుకునేవాళ్ళను, నిప్పుల మీద నడిచేవాళ్ళను తప్ప మరేమీ చూపించలేకపోయారు. టెన్నిస్ ఆటగాడు విజయ్ అమృతరాజ్ తన ఆటో వెంటపడినవాళ్ళను టెన్నిస్ రాకెట్‌తో కొట్టడం ఒక్కటే సరదాగా ఉంటుంది. తర్వాత బాండ్ గొరిల్లా తోలు తొడుక్కుని రైల్లో దాక్కుంటాడు. మీ ఊరి ఠాకురాణి యాత్రలో వేషం కట్టేవాళ్ళు దానికన్నా బాగా కడతారు.

బరంపురం గుమస్తా:

మాస్టారూ, ఆ కౌంటు బిరుదును పరువు ఖాతాలో రాస్తాను. మా కొట్టుకు వచ్చే పెళ్ళివారిలో సగం మంది కొనేది అందుకే.

చెల్లెమ్మా, కాసినో రాయల్‌కు రెండో స్థానం ఇస్తాను, అంతకుమించి ఇవ్వలేను. ఆఖరి ఆటలో నలుగురికీ ఒకేసారి ఫ్లష్, రెండు ఫుల్ హౌస్‌లు, స్ట్రెయిట్ ఫ్లష్ అంటూ అన్నీ అరుదైన ముక్కలే పడటం చూస్తే, ఆ ముక్కలు కలిపినవాడిని ముందు పట్టుకోవాలనిపించింది.

ఆక్టోపసీ మీద మాత్రం చేయి వేయనివ్వను. రష్యా జనరల్ ఒకడు ప్రభుత్వ ఖజానాలోని నగలు తీసి నకిలీలు పెడుతుంటాడు. అందులో గుడ్డు ఆకారంలో ఉన్న నగ ఒకటి. దాని నకిలీ దారిలో చేయిజారుతుంది, ఇంతలో ఖజానాలో తనిఖీ వస్తుందని కబురు. ఎలాగైనా అసలు గుడ్డును వెనక్కి తేవాలి. అందుకే అది వేలానికి వచ్చినప్పుడు జనరల్‌తో చేతులు కలిపిన కమల్ ఖాన్ ఎంతకైనా పాట పెంచుతాడు. ఆ కంగారు ఎలా ఉంటుందో మార్చి నెలలో మా కొట్టుకు వచ్చి చూడండి. గొరిల్లా తోలు సంగతి మీరన్నట్టే.