సమస్యాపూరణం: మాడినట్టి కూర మధుర మయ్యె

నిర్వాహకుడు (గుంటూరు): ఈ వారపు సమస్య ఆటవెలది నాలుగవ పాదం: «మాడినట్టి కూర మధుర మయ్యె». నేయి, వెన్న, పెరుగు ఏవీ తగలకుండా ఆకుకూరను నిప్పులపై కాల్చి అన్నం పక్కన వడ్డించుకొనే వంటకాన్ని వస్తువుగా తీసుకొని, ముందు మూడు పాదాలు రాసి పద్యాన్ని పూరించగలరు. మాడితే చేదెక్కవలసిన కూర మధురం కావడానికి నిజమైన కారణం పద్యంలో కనిపించాలి.

బ్రాడీపేట సభ్యుడు:

నూనె యుప్పు రాసి నునుపైన యాకుపైఁ
జల్లి కారపొడినిఁ జక్కగాను
నిప్పు మీఁదఁ బెట్ట నిమిషంబులో నంచు
మాడినట్టి కూర మధుర మయ్యె.

నిర్వాహకుడు: యతులు, అంటే పాదం మొదటి అక్షరానికి పాదం నడుమ నియమిత స్థానంలోని అక్షరంతో ఉండవలసిన పొత్తు, సరిగా కుదిరాయి. «అంచు» అన్న మాటను మూడవ పాదం చివర నిలిపి, మాడినది అంచే గాని కూరంతా కాదని విరోధాన్ని విప్పిన తీరు చాలా బాగుంది. అయితే «చక్కగాను» గణాలు నింపడానికే వచ్చింది. అంతకంటె పెద్ద లోపం వంటలో ఉంది. కారపొడి ముందే చల్లి నిప్పు మీద పెడితే ఆకు కాలేలోపే పొడి మాడి, ఆ ఘాటుకు ఇంటిల్లిపాదీ దగ్గవలసి వస్తుంది; గుంటూరు వారికి ఈ సంగతి వేరే చెప్పనక్కరలేదు. కారం చల్లేది దించిన తరువాతనే. తడి ప్రస్తావన కూడా రావాలి: కడిగిన ఆకుపై నీరున్నంతసేపు దాని వేడి 100 డిగ్రీల సెల్సియస్ దాటదు గనుక ఆకు ఉడికి మెత్తబడుతుందే గాని, సుమారు 140 డిగ్రీల దగ్గర ఊపందుకొనే ఎర్రదనమూ కమ్మని వాసనా దానికి పట్టవు.

బ్రాడీపేట సభ్యుడు: మీ సూచన శిరోధార్యం. మొదటి రెండు పాదాలను ఇలా సవరించాను.

తడియు లేక తుడిచి తైలంబు పైఁ బూసి
కార మపుడు చల్లఁ గాదటంచు
నిప్పు మీఁదఁ బెట్ట నిమిషంబులో నంచు
మాడినట్టి కూర మధుర మయ్యె.

నిర్వాహకుడు: ఇప్పుడు ప్రతి మాటకూ పని ఉంది. పాలకూరకు ఆ నిమిషం సరిగ్గా సరిపోతుంది.

లబ్బీపేట సభ్యురాలు:

పాత్ర యడుగు నంటి పాంచాలి కడ నున్న
శాక మించుకంత శౌరి తినఁగఁ
గడుపు నిండె మునికిఁ గరుణతోఁ గలిసిన
మాడినట్టి కూర మధుర మయ్యె.

నిర్వాహకుడు: «కరుణతోఁ గలిసిన» అన్న ప్రయోగం మనసుకు హత్తుకొంది. కాని మహాభారతం వనపర్వంలో, కృష్ణుడు ద్రౌపది పాత్రలోని శాకం తినగా దుర్వాసముని ఆకలి తీరిన ఆ కథలో, శాకం పాత్ర కంఠానికి అంటుకొని ఉందే గాని అడుగున మాడలేదు. పైగా మనం అడిగిన నిప్పుల సెగ ఇందులో లేదు.

తాడేపల్లి సభ్యురాలు: క్యాబేజీని మనసులో పెట్టుకొని రాశాను.

నేయి పెరుగు లేవు నిమ్మరసమె చాలు
మొదలు వీడకుండ ముక్క కోసి
యెఱ్ఱ సెగనుఁ దిప్ప నింపుగా నంచులు
మాడినట్టి కూర మధుర మయ్యె.

నిర్వాహకుడు: ఈ వారం నాకు అన్నిటికంటె నచ్చిన పూరణ ఇది. క్యాబేజీని నాలుగు చెక్కలుగా కోసేటప్పుడు దాని మొదలు (కాడ భాగం) ప్రతి చెక్కకూ కొంత అంటి ఉండకపోతే రెక్కలు విడిపోయి నిప్పుల్లో రాలిపోతాయి. ఈ కిటుకును ఒక్క పాదంలో, ఒక్క మాటా వృథా పోకుండా చెప్పారు. «దిప్ప» అనడం కూడా అవసరమే, ఎందుకంటే ఒక్కో పక్క అయిదారు నిమిషాలు కాలితే పైరెక్కల అంచు నల్లబడి, లోపలి రెక్కలు తమ తేమలోనే మగ్గుతాయి. క్యాబేజీలో సహజంగా ఉన్న చక్కెర తీపి అప్పుడే నాలుకకు తెలుస్తుంది.

బ్రాడీపేట సభ్యుడు: మూడవ పాదంలో ఎకారానికి ఇకారంతో యతి చెల్లుతుందా? మరొక సందేహం, గోంగూరను ఇలా కాల్చవచ్చునా?

నిర్వాహకుడు: ఇ, ఈ, ఎ, ఏలకు పరస్పరం యతిమైత్రి ఉంది, «తిప్పన్ + ఇంపుగా» అని విడదీస్తే ఇకారం కనిపిస్తుంది. మొదటి పాదంలోని «నే–ని» కూడా ఈ నియమంతోనే చెల్లింది. ఇక గోంగూర ఆకు పలుచన, పులుపు ఎక్కువ. సెగ తగలగానే ముడుచుకొని, తీపి పుట్టేలోపే బూడిద అవుతుంది. దానికి పచ్చడే తగినది. తోటకూరను లేత కాడలతో సహా కట్టగానే కాల్చితే కాడలో రసం నిలుస్తుంది కనుక, తోటకూర మీద ఇంకా పూరణలు రావాలని కోరుతున్నాను.