"ఏరును విడువగ లేమని": ఇందులో ఉన్నది మామూలు ర-నా, బండి ఱ-నా?

పర్లాకిమిడి నుంచి:
చిన్నప్పుడు తాత నోట విన్న కందం ఒకటి పది రోజులుగా నన్ను వదలడం లేదు. మొదటి పాదం "ఏరును విడువగ లేమని". మూడో పాదం "ఊరికి గీతలు గీసిన". రెండూ నాలుగూ గుర్తు లేవు. తన తోటి విద్యార్థి ఎవరో మా ఊరి కాలేజీ పత్రికలో రాసిన పద్యమని తాత చెప్పేవాడు. ఆ పాత సంచికలు స్కాన్ చేసి పెట్టారని తెలిసి వెతికితే ఆ పేజీ దొరికింది. కింది సగం చిరిగిపోయింది, మొదటి పాదమే మిగిలింది. దాన్లోనూ రెండో అక్షరం మీద సిరా ముద్ద కట్టింది. అది ఏరా, ఏఱా? నాగలా, నదా?

బరంపురం మేష్టారు:
నదే. మహేంద్రతనయ ఒడ్డున చదువుకున్న కుర్రాడు ఏరంటే ఇంకేమిటి?

గుణుపురం నుంచి:
మేష్టారూ, నది అయితే "ఏటిని" అనాలి. నోరు, నోటిని. ఏరు, ఏటిని. మా వంశధార ఒడ్డున ఇప్పటికీ "ఏటికెళ్ళొచ్చాం", "ఏట్లో నీళ్ళు తగ్గాయి" అంటారు. "ఏరును" అన్నమాట నేనెప్పుడూ వినలేదు. నాగలికైతే ఏరును అనే అనాలి. ఇది నాగలి పద్యం.

ఇచ్ఛాపురం నుంచి:
"ఏటిని విడువగ లేమని" అన్నా నాలుగేసి మాత్రల గణాలు కుదురుతాయి, భ, నల, భ. కాని ప్రాస, అంటే అన్ని పాదాల్లోనూ ఒకటే హల్లు ఉండాల్సిన రెండో అక్షరం, ట-కారం అవుతుంది, "ఊరికి"తో పొసగదు. కుర్రాడికి మూడో పాదం ముందే తట్టి ఉంటుంది. అందుకే ఏటిని వదిలి ఏరును పట్టుకున్నాడు. విభక్తి చూసి అర్థం తేల్చలేం.

గుణుపురం నుంచి:
అయితే ఆ ప్రాసతోనే తేలుద్దాం. ఊరు అన్నది మామూలు ర. తమిళంలో ఊర్. నాగలి ఏరు కూడా మామూలు ర, అక్కడ ఏర్. నదికి మాత్రం బండి ఱ, అక్కడ ఆఱు. నన్నయ, తిక్కన ఈ రెంటినీ ప్రాసలో కలపలేదు. ఏ మాటకు ఏ ర వాడాలో పాత లాక్షణికుడు అప్పకవి జాబితాలే ఇచ్చాడు. ఊరికి అని ప్రాస వేసినవాడు పైన నదిని పెట్టడు.

రాయగడ నుంచి:
తిక్కన కలపలేదు సరే. కాని ఈ పద్యం పుట్టిన ఊరేదో ఒకసారి తలుచుకోండి. గిడుగు రామమూర్తి గారు 1880లో మేష్టారుగా చేరిన ఊరు అది. సవర మాట్లాడేవాళ్ళను ఇంట్లో పెట్టుకుని, వాళ్ళ దగ్గర పిల్లవాడిలా కూర్చుని ఆ భాష నేర్చుకుని, దానికి వ్యాకరణం, నిఘంటువు రాసిన మనిషి. నోట్లో లేని రూపాలను పిల్లల చేత రాయించొద్దని ఊరూరా తిరిగి వాదించారు. గ్రాంథికం తప్ప వద్దన్న పండితుల రాతల్లోంచే తప్పులు ఏరి చూపించారు. ఆయన ఊరి కాలేజీలో చదివే కుర్రాడు ఏ ర ఎక్కడిదో చూసుకుని ప్రాస వేశాడంటే నేను నమ్మను. వాడికి రెండూ ఒకటే.

ఆ ఊరు ఒరిస్సాలో కలిసిన 1936లోనే ఆయన రాజమండ్రి వెళ్ళిపోయారు. అప్పటికి డెబ్భై రెండేళ్ళు. ఆ సంగతి చదివినప్పుడల్లా మనసు పాడవుతుంది.

బరంపురం మేష్టారు:
బాగా గుర్తు చేశారు. ఆయనా గురజాడా విజయనగరంలో కలిసి చదువుకున్నారు. ఒకాయన బడి పుస్తకాల్లోంచి చేసిన పనిని రెండో ఆయన ముత్యాల సరం అనే ఛందస్సుతో చేశాడు. మూడూ నాలుగూ మాత్రల నడక నోటికి ఎంత హాయిగా ఉంటుందో! ప్రాస పట్టుకుని వేలాడక్కర్లేదు. మన కుర్రాడు అందులో రాసి ఉంటే ఏటిని అనే రాసేవాడు, మనకీ చర్చే ఉండేది కాదు.

ఇచ్ఛాపురం నుంచి:
మేష్టారూ, గురజాడకు కందం చేతకాక కాదు వదిలేసింది.

బరంపురం మేష్టారు:
చేతకాలేదని నేను అనలేదు నాయనా.

స్కానింగ్ చేసే అమ్మాయి, బరంపురం:
నేను ఇలాంటి పత్రికలే స్కాన్ చేస్తుంటాను. ఆ పేజీని నలుపు తెలుపుల్లో తీశారు. కాగితం పసుపెక్కాక అలా తీస్తే అక్షరం లోపలి ఖాళీలు పూడుకుపోతాయి. ర లోపల సిరా నిండినా, ఱ నడిమి గీత కరిగినా చివరికి కనిపించేది ఒకే ముద్ద. రంగుల్లో, అంగుళానికి 600 చుక్కల సాంద్రతతో మళ్ళీ తీస్తే ఉన్నదేదో బయటపడొచ్చు. ఇంకో కష్టం ఉంది. ఈ సంచికల్లో ఇంగ్లీషు, ఒడియా, తెలుగు విభాగాలు ఒకే బైండులో ఉంటాయి. పట్టికలో మాత్రం ఇంగ్లీషు వ్యాసాల పేర్లే ఎక్కిస్తారు. తెలుగు పేజీలు బొమ్మల్లా పడి ఉంటాయి, వెతికితే దొరకవు. మీకు దొరికింది మీ ఓపిక వల్లే అక్కా.

పర్లాకిమిడి నుంచి:
నిజమేనమ్మా, ఒక్కో పేజీ తిప్పుకుంటూ వెళ్ళాను. ఇప్పుడే పెద్దత్తకు ఫోన్ చేశాను. రెండో పాదం "నారును" అని మొదలవుతుందట. తర్వాతది ఆవిడకూ రాదు.

గుణుపురం నుంచి:
నారు వచ్చిందంటే ఇక నాగలే! దుక్కి, నారు, ఊరు. వరస కనిపిస్తూనే ఉంది.

ఇచ్ఛాపురం నుంచి:
వరస బాగుంది. కాని వరినారుకు పాత రూపం నాఱు. అది బండి ఱ. తమిళంలోనూ నాఱు అంటే మొలకెత్తడమే. కుర్రాడు రెండో పాదంలో నాఱును, మూడో పాదంలో ఊరిని కలిపాడంటే వాడికి రెండు ర-లూ ఒకటే అన్నమాట. మీ ప్రాస పరీక్ష పోయింది. రాయగడ వారిదే నెగ్గింది.

గుణుపురం నుంచి:
పరీక్ష పోతే పోయింది, నారు ఉంది కదా. ఏరువాక పున్నమికి మా వైపు కడిగి పసుపు రాసేది నాగలికే.

రాయగడ నుంచి:
ఆ ఏరువాకలోనే వాక ఉంది, వాక అంటే వాగు. ఏరు నాగలి, వాక నీళ్ళు. తొలకరికి రెండూ కావాలి గనకే ఆ మాట అలా కట్టారని నా నమ్మకం. ఈ కుర్రాడికీ రెండూ కావాల్సి వచ్చిందేమో.

ఇచ్ఛాపురం నుంచి:
వాకకు వాగన్న అర్థం ఉన్నమాట నిజమే. ఏరువాకలో ఉన్నది ఆ వాకే అనడానికి ఆధారం చూపండి.

బరంపురం మేష్టారు:
"గీతలు" ఎవరూ పట్టించుకోలేదు. 1936 ఏప్రిల్ 1న గీసిన గీత అది. ఇచ్ఛాపురం మద్రాసులో ఉండిపోయింది, బరంపురం, పర్లాకిమిడి ఒరిస్సాకు వెళ్ళాయి. ఒక్క జమీందారీ రెండు ముక్కలైంది. అలాంటప్పుడు కుర్రాడు విడువలేనన్నది నదినే. నాగలిని ఎవరు విడవమన్నారు?

గుణుపురం నుంచి:
గీతకు ఆవల పొలం ఉన్నవాణ్ణి అడగండి మేష్టారూ. అయినా సంచిక మీద సంవత్సరం ఉందా? ఊరికి గీతలు సర్వేవాళ్ళు కూడా గీస్తారు.

పర్లాకిమిడి నుంచి:
అట్ట పోయింది, సంవత్సరం లేదు. పెద్దత్త మళ్ళీ ఫోన్ చేసింది. "లేమని" కాదట, "లేనని" అట. తాత ఎప్పుడూ లేనని అనే చదివేవాడట. స్కాన్‌లో ఆ అక్షరం కూడా పూడుకుపోయి ఉంది, మ అనీ న అనీ తేల్చలేకపోతున్నాను.

బరంపురం మేష్టారు:
మాత్రలకు తేడా రాదు, అర్థమే మారుతుంది. లేము అంటే ఊరంతా, లేను అంటే ఒక్కడు. ఒక్కడు విడువలేనిది ఏటి ఒడ్డే.

గుణుపురం నుంచి:
మేష్టారూ, ఎడ్లు అమ్మేశాక కూడా మా నాన్న సాయంత్రాలు పాకలో నాగలి మేడి మీద చెయ్యేసుకుని కూర్చునేవాడు.

స్కానింగ్ చేసే అమ్మాయి, బరంపురం:
అక్కా, ఆ పేజీ లింకు నాకు పంపండి. అసలు ప్రతి ఏ బీరువాలో ఉందో కనుక్కుంటాను.