తొలిచూలు తల్లుల ఇళ్లకు నర్సును పంపాలంటే: పుట్టింటికి వెళ్లాక ఎవరు చూడాలి?

గడపగడపకూ (ప్రశ్న)

నమస్కారమండీ. కూలీ కుటుంబాల్లో మొదటిసారి తల్లి కాబోతున్నవాళ్ల ఇళ్లకు నర్సును పంపే పని నాలుగు ఊళ్లలో మొదలుపెడుతున్నాం. మాది చిన్న సంస్థ. జీఎన్ఎం (నర్సింగ్ డిప్లొమా) చేసిన నర్సులు ఇద్దరున్నారు. ఊళ్లో ఆశాలు హెచ్‌బీఎన్‌సీ (పసికందును ఇంటికెళ్లి చూసే ప్రభుత్వ కార్యక్రమం) కింద ఎటూ వెళ్తూనే ఉంటారు కాబట్టి చేసిన పనే మళ్లీ చేయడం మాకిష్టం లేదు. ఎన్నో నెలలో మొదలుపెట్టాలి? ఎన్నిసార్లు వెళ్లాలి? సంచిలో ఏముండాలి? అన్నిటికన్నా పెద్ద చిక్కు, తొలి కాన్పుకు పిల్ల పుట్టింటికి పోతుంది. అది వేరే మండలం, ఒక్కోసారి వేరే జిల్లా. అప్పుడేం చేస్తారు?

సబ్‌సెంటర్ మెట్లు (జవాబు)

చిక్కు సరిగ్గానే పట్టుకున్నారు. పేరు నమోదయ్యేది అత్తగారి ఊళ్లో, బిడ్డ పుట్టేది పుట్టింటి దగ్గర. ఇక్కడి ఆశా 'ఊళ్లో లేదు' అని రాసుకుంటుంది, అక్కడి ఆశాకు ఆ పిల్ల వచ్చినట్టే తెలియదు. రెండో మూడో కాన్పులవాళ్లు చాలామంది ఉన్నచోటే ఉంటారు. మరీ సాయం కావలసిన తొలిచూలు పిల్లే రెండు రిజిస్టర్ల మధ్య జారిపోతుంది.

దీన్ని కాన్పయ్యాక సరిచేయలేరు, ముందే చేయాలి. ఐదో నెలలోనే అడగండి: ఎక్కడికి వెళ్తావు, ఎన్నో నెలలో, ఏ ఆసుపత్రి, ఎవరు తీసుకెళ్తారు? ఏడో నెలలోనో తొమ్మిదో నెలలోనో సీమంతం చేసి తీసుకుపోతారు కాబట్టి ఆ తేదీకి ముందే పుట్టింటి ఊరి ఆశాకు, ఏఎన్ఎంకు ఫోన్ చేయించాలి. ఎంసీపీ కార్డు (తల్లీబిడ్డల ఆరోగ్య కార్డు), ఆర్‌సీహెచ్ నంబరు (గర్భిణిగా నమోదైన నంబరు) పిల్ల చేతికిచ్చి, కార్డును ఫోన్లో ఫొటో తీసి పెట్టుకోండి. అత్తగారింట్లో బీరువాలో మరిచిపోయిన కార్డులకు లెక్కలేదు.

హెచ్‌బీఎన్‌సీ లెక్క ఇదీ: ఆసుపత్రిలో పుడితే 3, 7, 14, 21, 28, 42 రోజుల్లో ఆరు సందర్శనలు. ఇంట్లో పుడితే మొదటి రోజు కలిపి ఏడు. పూర్తి చేసిన ఆశాకు 250 రూపాయలు. పుట్టింట్లో కొన్ని, అత్తింట్లో కొన్ని అయితే ఇద్దరు ఆశాలకూ పంచి ఇచ్చే వీలుంది. ఇది తెలియకే 'నా కేసు కాదు' అనుకునేవాళ్లున్నారు. ఆ మాట మీరే చెప్పండి, సగం పని అయిపోతుంది.

వార్డు నుంచి (జవాబు)

ఒక చిన్న సవరణ. సిజేరియన్ అయి ఐదారు రోజులు ఆసుపత్రిలో ఉండిపోతే ఆశా సందర్శనలు 7వ రోజు నుంచి మొదలై ఐదే అవుతాయి. మన రెండు రాష్ట్రాల్లో సిజేరియన్లు ఎక్కువ కాబట్టి మీ షెడ్యూలు ఈ ఐదును దృష్టిలో పెట్టుకునే వేసుకోండి.

ఇక సంచి. ఆశా దగ్గర తూకం, థర్మామీటరు, గడియారం, దుప్పటి, చెంచా ఉంటాయి. మీ నర్సు వాటినే మళ్లీ మోసుకెళ్లి ప్రయోజనం లేదు. ఆశా చేయలేనివి మోయాలి: బీపీ మిషను, హిమోగ్లోబిన్ చూసే మీటరు, కుట్టు చూడటానికి గ్లవ్స్, టార్చి.

బీపీ ఎందుకంటే, గుర్రపువాతానికి దారితీసే బీపీ తొలి కాన్పులోనే ఎక్కువ. కాన్పైన 3 నుంచి 6 రోజుల మధ్య బీపీ పైకి వెళ్తుంది. సరిగ్గా అప్పటికి పిల్ల ఇంటికి చేరి ఉంటుంది, చూసేవాళ్లుండరు. ఐదు నిమిషాలు ఆనుకుని కూర్చోనిచ్చి, చెయ్యి గుండె ఎత్తులో పెట్టి చూడండి. 140/90 వచ్చినా దాటినా మళ్లీ చూసి అదే రోజు డాక్టరు దగ్గరికి. 160/110 అయినా, తలనొప్పితో పాటు కళ్లు మసకలు అన్నా, ఆగకుండా బండెక్కించాలి.

బిడ్డ విషయంలో తప్పులు జరిగేది కొలతల్లోనే:

తూకం: వేలాడే స్ప్రింగ్ త్రాసైతే ఖాళీ జోలె తగిలించి ముల్లు సున్నాకు తేవాలి, గీత కంటికి సమానంగా ఉన్నప్పుడే చదవాలి. బిడ్డ ఒంటిమీద బట్టలుండకూడదు, కింద పరుపుండాలి. ప్రతిసారీ అదే త్రాసు. పుట్టిన బరువులో పదో వంతు వరకు మొదటి వారంలో తగ్గడం మామూలే. 2,800 గ్రాముల బిడ్డ 2,520కి దిగొచ్చన్నమాట. రెండు వారాలకు పుట్టిన బరువుకు తిరిగి రావాలి. అక్కడి నుంచి రోజుకు 20–30 గ్రాములు. ఆ పెరుగుదల స్ప్రింగ్ త్రాసులో వారానికోసారైతేనే తెలుస్తుంది, రోజూ తూచి కంగారు పెట్టకండి.

ఊపిరి: నిండా ఒక నిమిషం లెక్కపెట్టాలి. అర నిమిషం చూసి రెట్టింపు చేయడం పెద్దవాళ్లకు చెల్లుతుంది, చంటిబిడ్డ ఊపిరి ఆగి ఆగి నడుస్తుంది. ఏడుస్తున్నప్పుడు, పాలు తాగుతున్నప్పుడు వద్దు. 60 వచ్చినా దాటినా మళ్లీ లెక్కపెట్టండి. మళ్లీ అంతే వస్తే ఆసుపత్రే.

వేడి: చంకలో తడి తుడిచి, బీప్ వచ్చేదాకా చెయ్యి ఒంటికి ఆనించి పట్టుకోవాలి. 97.7 నుంచి 99.5 ఫారన్‌హీట్ మామూలు. మే నెలలో రేకుల ఇంట్లో రెండు దుప్పట్లు చుట్టిన బిడ్డకు 99.8 రావడం వింత కాదు. బట్టలు వదులు చేసి, పాలు పట్టించి, అరగంటాగి చూడండి. అప్పటికీ దిగకపోయినా, బిడ్డ మందంగా ఉన్నా, పాలు లాగకపోయినా ఎండదే తప్పని సరిపెట్టుకోకూడదు.

బండికి 102. ఏడాదిలోపు బిడ్డ జబ్బు పడితే ప్రభుత్వాసుపత్రికి రాకపోకలు జేఎస్‌ఎస్‌కే (తల్లీబిడ్డలకు ఉచిత సేవల ప్రభుత్వ పథకం) కింద ఉచితం.

లెక్కల పుస్తకం (జవాబు)

ఎన్నిసార్లు అని అడిగారు కదా. ఈ పద్ధతిలో అందరూ చూపించేది అమెరికాలోని నర్స్ ఫ్యామిలీ పార్టనర్‌షిప్, తొలిచూలు తల్లుల ఇళ్లకు నర్సులు వెళ్లే కార్యక్రమం. పరిశోధకుడు డేవిడ్ ఓల్డ్స్ 1970ల చివర్లో న్యూయార్క్ రాష్ట్రంలోని ఎల్మైరాలో మొదలుపెట్టి, తర్వాత మెంఫిస్‌లో, డెన్వర్‌లో పరీక్షించారు. తొలి కాన్పు, తక్కువ ఆదాయం, 28 వారాల్లోపు చేరిక అనేవి షరతులు. మొదటి నెల వారానికోసారి, ఆపైన కాన్పుదాకా రెండు వారాలకోసారి, పుట్టాక ఆరు వారాలు మళ్లీ వారం వారం, బిడ్డకు 21 నెలలొచ్చేదాకా రెండు వారాలకోసారి, రెండేళ్లు నిండేదాకా చివరి మూడు నెలలు నెలకోసారి. ఒక్కో నర్సుకు దాదాపు 25 మంది, ఎనిమిది మంది నర్సులకు ఒక పర్యవేక్షకురాలు.

డెన్వర్‌లో నర్సులనూ, నర్సింగ్ చదవని శిక్షణ పొందిన కార్యకర్తలనూ పక్కపక్కనే పోల్చి చూస్తే నర్సుల ఫలితాలే మెరుగ్గా వచ్చాయి. అలాగని ఎక్కడ పెట్టినా పనిచేస్తుందని కాదు. ఇంగ్లండ్‌లో ఇదే పద్ధతిని టీనేజీ తల్లులతో పరీక్షించి 2016లో ఫలితాలు చెప్పారు: పొగతాగడం, పుట్టిన బరువు, రెండేళ్లలోపు మళ్లీ గర్భం, బిడ్డ అత్యవసరంగా ఆసుపత్రికి వెళ్లడం, ఈ నాలుగింటిలోనూ తేడా లేదు. అక్కడ మామూలు సేవలే బాగుండటం ఒక కారణం కావచ్చు.

మన దగ్గర రుజువు వేరే దారిలో వచ్చింది. మహారాష్ట్రలోని గడ్చిరోలిలో అభయ్ బంగ్, రాణీ బంగ్ దంపతుల 'సెర్చ్' సంస్థ ఊరి ఆడవాళ్లకే శిక్షణ ఇచ్చి ఇళ్లకు పంపితే పసికందుల మరణాలు 62 శాతం తగ్గాయని 1999లో ప్రచురించారు. 2011లో వచ్చిన హెచ్‌బీఎన్‌సీకి మూలం అదే. అందుకే ఆశాను పక్కకు నెట్టి నర్సును పెట్టకండి. ఇద్దరు నర్సులతో రెండేళ్లు లాగాలంటే తలా 25 మందికి మించి తీసుకోవద్దు. పుట్టింటి ఊళ్లు దూరమైతే అదీ ఎక్కువే. వెళ్లలేని వారం వీడియో కాల్ చేయొచ్చు గానీ మొదటి పది రోజులు మాత్రం మనిషి వెళ్లాల్సిందే.

గడపగడపకూ

చాలా ఉపయోగపడిందండీ. ఇంకొక్కటి. ఇంట్లో అమ్మమ్మలు మాట విననివ్వరు. పథ్యం, ఆముదం, సాంబ్రాణి పొగ... ఎక్కడ మొదలుపెట్టాలి?

చంటిపిల్లల గది (జవాబు)

అన్నిటితో పోట్లాడకండి. వెల్లుల్లి కారం, మిరియాల చారు, అరికాలి దిష్టిచుక్క వీటితో మనకు పేచీ లేదు, ఒకటి రెండు మెచ్చుకోండి కూడా. పట్టుబట్టాల్సినవి నాలుగే. బిడ్డ నోట్లో ఆముదం, తేనె, వస ఏదీ వద్దు: నూనె ఊపిరితిత్తుల్లోకి పోతే నిమ్ము (న్యుమోనియా) వస్తుంది. బొడ్డు మీద పూత వద్దు. పొగ బిడ్డ ఉన్న గదిలో వద్దు. బాలింతకు నీళ్లు ఆపొద్దు.

పాలు చాలడం లేదని అమ్మమ్మ డబ్బా పాలు తెప్పించే ముందు మీరు పాలు పట్టడం కూర్చుని చూడాలి. బిడ్డ గడ్డం రొమ్ముకు ఆనిందా, నోరు పెద్దగా తెరిచిందా, కింది పెదవి బయటికి మడిచి ఉందా? చనుమొన ఒక్కటే నోట్లో ఉంటే తల్లికి పుళ్లు పడతాయి, బిడ్డకు పాలు రావు. వారం తర్వాత రోజుకు ఆరుసార్లకు తగ్గకుండా ఉచ్చ పోస్తూ, బరువు పెరుగుతుంటే పాలు చాలుతున్నట్టే. ఈ రెండు లెక్కలూ అమ్మమ్మ చేతే పెట్టించండి.

ఐరన్ మాత్ర కాన్పయ్యాక 180 రోజులు వేసుకోవాలి. కాల్షియంతో కలిపి ఒకేసారి వేసుకుంటే ఒంటికి పట్టదు. ఐరన్ ఒక పూట, కాల్షియం వేరే పూటల్లో. మలం నల్లబడుతుందని ముందే చెప్పకపోతే మూడో రోజుకే మానేస్తారు.

ఒక్క పది నిమిషాలైనా పిల్లతో ఒంటరిగా మాట్లాడే వీలు చూసుకోండి. నిద్ర, ఏడుపు, బతకాలని లేదన్న ఆలోచన, ఇవి అమ్మ ముందు అడిగితే 'బాగానే ఉన్నా'నంటుంది. కుట్టు చూడాలని చెప్పి తలుపు వేయించడం తేలిక.

గడపగడపకూ

ఫారంలో పుట్టింటి ఊరు, అక్కడి ఆశా, అమ్మమ్మ ఫోన్ నంబరుకు గడి చేర్చాం. సోమవారం అచ్చుకిస్తున్నాం.

సబ్‌సెంటర్ మెట్లు

ఫోన్ గడులు రెండు పెట్టండి. ఒకదానికి రీఛార్జ్ ఉండదు.