పద్దెనిమిది వేల ఫోన్ నాలుగు వందలకే అంటాండాడు మా మరిది, ఈ బిడ్ల యాప్ లెక్క ఎవరన్నా చెప్పండి

అనంతపురం వదిన

మా మరిది తాడిపత్రి కాడ బండల ఫ్యాక్టరీలో సూపర్‌వైజరు. ఇంట్లో జీతాల లెక్క, చీటీల లెక్క అంతా నేనే రాస్తా. ఈ మధ్య వాని బ్యాంకు స్టేట్‌మెంట్ చూస్తే 199, 499, మళ్ళీ 199, ఇట్ల చిన్న చిన్న మొత్తాలు ఒకే పేరు మీద పోయినాయి. చానా మటుకు రాత్రి పదకొండు దాటినాకే. రమ్మీ ఏమోనని గుండె గుభేల్మంది. అడిగితే "జూదం కాదు వదినా, వేలం. పద్దెనిమిది వేల ఫోను నాలుగు వందలకు పోయింది, నా కండ్లారా చూసినా" అన్నాడు.

యాప్ తెరిచి చూపించినాడు కూడా. ముందే డబ్బు కట్టి బిడ్లు కొనుక్కోవాలంట, ఒక్కోటి పది రూపాయలు పడుతుంది. ఒకసారి నొక్కితే ఒక బిడ్డు ఖర్చయి వస్తువు ధర పది పైసలు పెరుగుతుంది, గడియారం మళ్ళీ పదిహేను సెకన్ల కాడికి వస్తుంది. అది సున్నా అయ్యేసరికి ఎవని పేరుంటే వస్తువు వానిది. తక్కినోళ్ళ బిడ్లు వాపసు రావు.

వాడు తాగడు, పేకాట తెలీదు, మంచి పిల్లోడు. నేను మోసమంటే "మోసమైతే ఫోన్ ఎట్ల ఇస్తారు?" అంటాడు. కోప్పడితే తలుపేసుకొని ఆడతాడు. లెక్క చూపిస్తే మాత్రం వింటాడు. ఆ లెక్క చెప్పండి.

కడప పిల్లోడు

యాప్ డిలీట్ చేపియ్ అక్కా, పీడ పోతాది.

అనంతపురం వదిన

మళ్ళీ వేసుకోను ఎంతసేపు పడుతుంది తమ్ముడూ?

ఆదోని గుమస్తా

అమ్మా, నేను ఆదోనిలో కమీషన్ మండీలో లెక్కలు రాస్తా. యార్డులో పత్తికి వ్యాపారులు రేట్లు వేసేది చూస్తానే ఉంటా. పదిమంది రేటు వేస్తే ఎక్కువ వేసినాయన సరుకు ఎత్తుకుంటాడు. తక్కిన తొమ్మిదిమంది పక్క కుప్ప కాడికి పోతారు, వాళ్ళ జేబులో రూపాయి తరగదు. మీ మరిది ఆడేదాంట్లో ఆ తొమ్మిదిమందీ కట్టి పోతారు. దీన్ని వేలమని ఎవరన్నారో గానీ మా యార్డులో ఇట్ల పెడితే మర్నాటికి ఒక్క వ్యాపారి రాడు.

ఆ ఫోన్ సంగతి చూద్దాం. 412 రూపాయలకు పోయిందనుకోండి. పది పైసలకో బిడ్డు, అంటే 4,120 బిడ్లు పడినాయి. ఒక్కోటి పది రూపాయల లెక్కన యాప్ వానికి బిడ్ల మీదనే 41,200 వచ్చింది, పైన ఆ 412. వాడు ఇచ్చింది పద్దెనిమిది వేల ఫోను. ఇంక మోసం చేయాల్సిన ఖర్మ వానికేంది? ఫోన్ నిజంగా ఇస్తేనే వ్యాపారం సాగుతుంది. మీ మరిది మాట ఆ మటుకు నిజమే.

గెలిచినోడు 600 బిడ్లు నొక్కినాడనుకుందాం. వానికి 6,412 పడింది, లాభమే. తక్కిన 35,200 ఊరూపేరూ తెలీనోళ్ళవి. తెర మీద 412 పెద్ద అక్షరాల్లో కనపడుతుంది, ఈ 35,200 యాడా రాయరు. ఒక్కసారి మీరే కాగితం మీద రాసి వాని ముందర పెట్టండి.

ఇంగోటి. 4,120 బిడ్లకూ జనం చివరి సెకను దాకా ఆగి నొక్కుతూ పోతే 17 గంటలు పడుతుంది. అన్ని గంటలు కాకపోయినా సగం రాత్రి పోతుంది. రాత్రయితే పోటీ తక్కువని మీవాడు మేలుకొని ఉంటాడు. అదే మాట అనుకొని మేలుకున్నోళ్ళతోనే వానికి పోటీ.

కర్నూలు బుల్లెట్

అందరూ తిడతాండారు గానీ నేను గెలిచినా సామీ. ఇయర్‌బడ్స్, 38 రూపాయలకు. డెలివరీ కూడా అయింది.

ఆదోని గుమస్తా

సంతోషం నాయనా. దానికి ఎన్ని బిడ్లు నొక్కినావు? దానికి ముందు ఓడినవాట్లో ఎన్ని నొక్కినావు?

కర్నూలు బుల్లెట్

అవన్నీ ఎవరు రాసి పెట్టుకుంటారన్నా.

ప్రొద్దుటూరు లెక్చరర్

డిగ్రీ పిల్లలకు ఎకనామిక్స్ చెబుతాను. ఈ తరహా వ్యాపారం జర్మనీలో 2005లో టెలిబిడ్ పేరుతో మొదలైంది. తర్వాత స్వూపో అని పేరు మార్చుకొని అమెరికాకూ పోయింది, 2011లో దివాలా తీసింది. అది మునిగినా నమూనా మునగలేదు, వేరే పేర్లతో నడుస్తూనే ఉంది. నెడ్ ఆగెన్‌బ్లిక్ అనే ఆర్థికవేత్త ఇలాంటి 1,66,000 వేలాల వివరాలు తీసి చూశాడు. 2016లో అచ్చయిన ఆ పేపర్ ప్రకారం నిర్వాహకుల లాభం సగటున 50 శాతం పైనే. నాకు అంతకన్నా ముఖ్యమనిపించింది వేరే ఉంది. బిడ్ల మీద ఎంత పోగొట్టుకుంటే మనిషి అంత గట్టిగా కూర్చుంటాడు. "ఇంత పెట్టినాక ఇప్పుడు లేస్తే ఎట్లా" అన్న ఆలోచనే నిర్వాహకులకు పంట.

వదినగారూ, దీన్ని ఇంట్లోనే చూపించొచ్చు. మార్టిన్ షూబిక్ అనే ఆయన 1971లో రాసిన ఆట ఇది, ఆయన డాలర్‌తో చెప్పాడు, మనం వంద నోటుతో ఆడదాం. నోటును పాటకు పెట్టండి. ఎక్కువ పాడినవారు ఆ మొత్తం కట్టి నోటు తీసుకుంటారు. షరతు ఒకటే, రెండో స్థానంలో ఆగినవారు కూడా తాము పాడింది కట్టాలి, వాళ్ళకేమీ రాదు. అరవై, డెబ్భై దాకా నవ్వుతూ ఆడతారు. ఒకరు వంద అన్నాక తొంభై దగ్గర ఉన్నవారి ముఖం చూడండి.

ఇక చట్టం మాట. దబాయించి తొందరపెట్టే దొంగ గడువులు, చివర్లో బయటపడే ఛార్జీలు, ఇలాంటి 13 రకాల మాయలను కేంద్ర వినియోగదారుల సంస్థ 2023 నవంబరులో నిషేధించింది. గెలిచిన వస్తువు రాకపోయినా, చెప్పని ఛార్జీలు వేసినా వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేయండి. నకిలీ యాప్‌లో డబ్బు పోతే ఆలస్యం చేయకుండా సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి చేయండి. షరతులు చదివి, నొక్కి, ఓడిపోయిన బిడ్ల డబ్బు మీద మాత్రం ఆశ వదులుకోవాలి.

అనంతపురం వదిన

నిన్న రాత్రి అన్నాలు తిన్నాక వంద నోటు పెట్టినా. మా ఆయన, మరిది, మా చిన్నమామ కూర్చున్నారు. చిన్నమామ నలభై కాడ "నాకొద్దు తల్లీ" అని లేచిపోయినాడు, పెద్దాయనకు బుద్ధి ఎక్కువ. అన్నదమ్ములిద్దరూ నూటముప్పై దాకా పోయినారు! వంద నోటుకు! మా ఆయన 130 పెట్టినాడు, మరిది 125 కాడ ఆగినాడు. ఇద్దరి కాడా వసూలు చేసినా, వాపసు ఇయ్యలా. మరిది కాసేపు ఏం మాట్లాడలేదు. తర్వాత వాడే కాగితం తీసుకొని గుమస్తా అన్న చెప్పిన లెక్క వేసుకున్నాడు.

అప్పుడే మిక్సీ గుట్టు బయటపడింది. మిక్సీ వేలంలో ఓడినాడంట, బిడ్లకే 2,400 రూపాయలు పోయింది. ఓడినోళ్ళు తక్కింది కట్టి "ఇప్పుడే కొనండి" అని నొక్కితే ఆ బిడ్ల డబ్బు ధరలో పట్టిస్తారంట. యాప్‌లో దాని ధర 5,999. ఇంగ 3,599 కట్టి తెచ్చినాడు, బిడ్ల డబ్బు దక్కించుకున్నానని సంబరం. అదే కంపెనీ, అదే మోడల్ మిక్సీ సుభాష్ రోడ్డులో 4,200.

ఆదోని గుమస్తా

అంటే 1,799 ఎక్కువ కట్టినాడు. ఇదిట్ల గెలుపు కింద జమ అవుతుంది చూడండి, అందుకే ఈ "ఇప్పుడే కొనండి" మీటంటే నాకు అన్నిటికన్నా ఎక్కువ భయం.

అనంతపురం వదిన

ఇంగ ఆడనని వాడే అన్నాడు. కానీ 85 బిడ్లు మిగిలి ఉండాయంట. డబ్బు కట్టినవే గదా, అవి వాడుకొని ఆపేస్తానంటాడు. న్యాయమే అనిపిస్తాంది. ఏమంటారు?

ఆదోని గుమస్తా

వద్దమ్మా. వాటికి కట్టిన 850 ఎప్పుడో పోయింది. ఇప్పుడు దిగితే 85వ బిడ్డు నొక్కినాక కూడా వాని పేరే పైన మెరుస్తా ఉంటుంది, గడియారం పది సెకన్లు చూపిస్తా ఉంటుంది, కింద 199 ప్యాకు మీట ఉంటుంది. అప్పుడు ఆ పిల్లోన్ని లేవమనండి చూద్దాం.

ఖాతానే మూసేయమని యాప్ వాళ్ళకు వాని చేతే మెయిల్ పెట్టించండి. యూపీఐలో ఆటోపే, అంటే డబ్బు దానంతటదే కట్ అయ్యే ఏర్పాటు, ఏమన్నా ఒప్పుకొని ఉంటే అదీ రద్దు చేయించండి. ఈ రాత్రి పదకొండు లోపల చేయించండి.

కర్నూలు బుల్లెట్

అన్నా, ఆటోపే ఎక్కడ కనపడుతుంది? ఊరికే అడుగుతాండా.