రెండు బ్యారెళ్లకు ఒకే స్కోపు సరిపోతుందా?

ప్రశ్న:
మూడేళ్లుగా బ్లేజర్ ఆర్8 అనే, బ్యారెళ్లు మార్చుకోగల వేట రైఫిల్ వాడుతున్నాను. ఉన్నది .308 విన్‌చెస్టర్ తూటాకు సరిపోయే బ్యారెల్ ఒక్కటే. అంతకంటే పెద్దదైన .375 హెచ్ అండ్ హెచ్ తూటా బ్యారెల్ కూడా కొనాలని మనసు పీకుతోంది. దానితోపాటు మరో మంచి స్కోపు (గురిచూసే దుర్భిణి) కొంటే జేబు ఖాళీ. ఉన్నదాన్నే అటూ ఇటూ మార్చుకుంటే గురి నిలుస్తుందా?

మొదటి జవాబు:
ఆర్8లో స్కోపు మౌంటు (స్కోపును పట్టి ఉంచే బిగింపు) నేరుగా బ్యారెల్‌కే పట్టుకుంటుంది. అందుకే బ్యారెల్‌ను స్కోపుతో సహా విప్పి మళ్లీ బిగించినా గురి పెద్దగా చెదరదు. స్కోపును రెండో బ్యారెల్‌కు మార్చితే సంగతి వేరు. తూటా బరువు, వేగం, అది పోయే దారి అన్నీ మారిపోతాయి. గురి సరిచేయడానికి స్కోపు మీది మీటను ఎన్ని క్లిక్కులు తిప్పాలో కాగితం మీద రాసుకునేవారున్నారు. నాకు మాత్రం ఆ కాగితం మీద నమ్మకం లేదు. ఇంకొకటి, .375 మాగ్నమ్ (ఎక్కువ శక్తిగల తూటాల) వర్గానికి చెందినది కాబట్టి బోల్టు తల (తూటా అడుగును పట్టుకునే భాగం) కూడా మార్చాలి, మ్యాగజైన్ సంగతీ చూసుకోవాలి. బ్యారెల్ ధర ఒక్కటే లెక్కవేసుకుని తర్వాత నాలుక కరచుకున్నవాణ్ని నేను.

రెండో జవాబు:
నాకు ఒకసారి గురి పక్కకు పోయింది. స్కోపును తిట్టుకున్నాను. తీరా చూస్తే బ్యారెల్ కూర్చునే చోట నేనే నూనె, మురికి వదిలేశాను! తుడిచి, మరలను ఎప్పటిలాగే బిగిస్తే సర్దుకుంది. ఇక 1912 నాటి ఆ .375 తూటా భుజాన్ని గట్టిగా తంతుంది, కంటికి దూరం ఎక్కువ ఇచ్చే స్కోపే కొనండి.

ప్రశ్న అడిగినవారు:
అయితే రెండో స్కోపు తప్పదన్నమాట. బ్యారెల్ వచ్చే ఏడాదికి వాయిదా.