ఒరాకిల్ పార్క్: కుడివైపు 309 అడుగులే అయినా పిచర్ల (బంతి విసిరేవాళ్ల) మైదానం ఎలా అయింది?

ఔట్‌ఫీల్డ్_చూపు:
బేస్‌బాల్ జట్టు శాన్‌ఫ్రాన్సిస్కో జెయింట్స్ మైదానం, ఒరాకిల్ పార్క్ కొలతలు చూస్తుంటే లెక్క కుదరడం లేదు. హోమ్ ప్లేట్ (బ్యాటర్ నిలబడే చోటు) నుంచి రైట్ ఫీల్డ్ ఫౌల్ పోల్‌కి (కుడివైపు హద్దు గీత చివర గోడ దగ్గరి స్తంభానికి) 309 అడుగులే. 1958 జూన్ 1 తర్వాత కట్టినవాటిలో ఫౌల్ లైన్ (ఆ హద్దు గీత) కనీసం 325 అడుగులు ఉండాలని రూల్ బుక్ చెబుతోంది కదా, మరి దీన్నెలా ఒప్పుకున్నారు? ఇంత దగ్గర గోడ ఉండి కూడా బ్యాటర్లు ఈ మైదానమంటే ఎందుకు విసుక్కుంటారు?

తొమ్మిదో_ఇన్నింగ్స్:
స్థలం లేక. మొత్తం 13 ఎకరాల్లో ఇరికించి కట్టారండీ. కుడివైపు గోడ వెనక ఒక నడకదారి, ఆ వెంటనే బే (అఖాతం) నీళ్లు. జరగడానికి చోటు లేదు కాబట్టి లీగ్ ప్రత్యేక అనుమతి ఇచ్చింది. దూరంలో తగ్గినదాన్ని ఎత్తులో పూడ్చారు: ఆ గోడ 24 అడుగులు. జెయింట్స్ దిగ్గజం విల్లీ మేస్ జెర్సీ నంబర్ 24, అందుకే ఆ ఎత్తు.

ఇక మీరు 309 దగ్గరే ఆగిపోయారు. అది ఒక్క ఫౌల్ పోల్ దగ్గరి దూరం. అక్కడి నుంచి గోడ చరచరా వెనక్కి పోయి రైట్ సెంటర్‌లో 421 అడుగులకు చేరుతుంది. దాని పేరే ట్రిపుల్స్ ఆలీ. వేరే చోట సునాయాసంగా హోమ్ రన్ (బ్యాటర్ బేస్‌లన్నీ చుట్టి వచ్చే షాట్) అయ్యే షాట్ ఇక్కడ ఔట్‌ఫీల్డర్ చేతిలో పడుతుంది, లేదా గోడకు తగిలి ట్రిపుల్‌తో (మూడో బేస్ వరకే చేరడంతో) సరిపెట్టుకోవాల్సి వస్తుంది. పైగా గోడ అంతా ఒకే తీరున ఉండదు: ఇటుక, కమానులు, వాటిలో ఇనుప జాలీ. బంతి ఎటు తిరిగి వస్తుందో ఊహించడం కష్టం. 2007 ఆల్ స్టార్ మ్యాచ్‌లో (రెండు లీగ్‌ల మేటి ఆటగాళ్ల మధ్య ఆట) సియాటిల్ ఆటగాడు ఇచిరో కొట్టింది ఆ గోడకే తగిలి ఫీల్డర్‌కి అందని దిక్కుకు పోయింది. ఆల్ స్టార్ చరిత్రలో బంతి మైదానం దాటకుండా వచ్చిన మొదటి హోమ్ రన్ అది.

గాలివాటం:
చలినీ కలపండి. "తేమ వల్ల గాలి బరువెక్కుతుంది" అని కామెంటేటర్లు కూడా అంటుంటారు, అది తప్పు. తేమ గాలి నిజానికి కాస్త తేలిక. బంతిని ఆపేది చల్లదనం. చల్లటి గాలి చిక్కగా ఉంటుంది, అడ్డుకోవడం ఎక్కువ. 400 అడుగులు పోయే బంతికి ఉష్ణోగ్రత 10 ఫారెన్‌హీట్ డిగ్రీలు తగ్గితే మూడు నాలుగు అడుగులు కోసుకుపోతాయి. గోడ అంచున అదే తేడా.

బుల్‌పెన్_బెంచీ:
పైన చెప్పిన 421 పాత లెక్క. మొదట్లో బుల్‌పెన్‌లు (మార్పు పిచర్లు సాధన చేసుకునే చోట్లు) ఫౌల్ ప్రాంతంలో (హద్దు గీతల బయట), ఆట జరిగే చోటే ఉండేవి. బంతి మీద కన్నేసి పరుగెత్తే ఫీల్డర్‌కి అక్కడి పిచర్ల మట్టిదిబ్బలు కాళ్లకు అడ్డం, ప్రమాదం. 2020లో వాటిని సెంటర్ ఫీల్డ్ గోడ వెనక్కి మార్చారు. దాంతో గోడ ముందుకొచ్చింది: రైట్ సెంటర్ 415, సెంటర్ 399 నుంచి 391, లెఫ్ట్ సెంటర్ 404 నుంచి 399. నా ఉద్దేశంలో ఇప్పటికీ ఇది పిచర్లదే.

ఔట్‌ఫీల్డ్_చూపు:
ఇప్పుడు అర్థమైంది, థాంక్స్. నీళ్లలో పడే ప్రతి హోమ్ రన్‌నీ "స్ప్లాష్ హిట్" అని లెక్కిస్తారా?

తొమ్మిదో_ఇన్నింగ్స్:
లేదండీ. కొట్టినవాడు జెయింట్స్ ఆటగాడై ఉండాలి, బంతి నేరుగా నీళ్లలో పడాలి. నడకదారి మీద ఒక్కసారి తగిలి దొర్లినా చెల్లదు. మొదటిది 2000 మే 1న జెయింట్స్ బ్యాటర్ బ్యారీ బాండ్స్ కొట్టాడు. ఆయన ఒక్కడే 35 కొట్టాడు. ఎడమచేతి వాటం బ్యాటర్లకే ఇది ఎక్కువగా సాధ్యం, వాళ్ల బలమైన షాట్ సహజంగా అటే పోతుంది కాబట్టి.

గాలివాటం:
వెళ్లే ఉద్దేశం ఉంటే: ఆ గోడ కమానుల వెనక నడకదారి మీద నిలబడి జాలీలోంచి ఉచితంగా ఆట చూడొచ్చు. జనం వరసలో ఉంటే మూడు ఇన్నింగ్స్ (ఆటలో మొత్తం తొమ్మిది) తర్వాత ఖాళీ చేయాలి. టికెట్ కొని మధ్యాహ్నం ఆటకు వెళ్తే నీడ పడే వైపు సీటు చూసుకోండి. రాత్రి ఆటకైతే జూలైలో కూడా జాకెట్ తప్పనిసరి.